నిచ్చెన మీద మూడు దెబ్బలు

ఆసుపత్రి లాండ్రీ వెనక గది,
ఎండలు తగ్గుముఖం పట్టిన వారం

మరదలికి,

మీరిద్దరూ బాగున్నారనుకునే రాస్తున్నాను. బాగోలేకపోయినా నువ్వు చెప్పే రకం కాదు, అది నాకు తెలిసిన సంగతే.

మీ అన్నయ్యగారు పనిచేసే మిల్లు మూతపడింది. తాళం వేసిన రోజు కూడా మనిషి క్యారేజీ పట్టుకుని గేటు దాకా వెళ్ళి, అక్కడే నిలబడి తినేసి వచ్చారు. అప్పటినుంచి ఇంట్లోనే. ఉంటే ఉన్నారు, ఊరికే ఉంటేగా! ఫిట్టరు చేతులు కదా, పొద్దున ఒక తలుపు ఊడదీస్తారు, సాయంత్రానికి మళ్ళీ బిగిస్తారు. నేను ఆసుపత్రి దుప్పట్లన్నీ ఉతికి, ఆరేసి, మడతలు పెట్టి వచ్చేసరికి నా కుట్టుమిషను ముక్కలు ముక్కలుగా నేలమీద పరిచి ఉంటుంది. "శబ్దం వస్తోంది, చూద్దామని" అంటారు. శబ్దం రాని కుట్టుమిషను ఎక్కడైనా ఉందా? ఇంకొన్నాళ్ళు పోతే నన్నూ ఊడదీసి బిగిస్తారు.

ఎగతాళిగా రాస్తున్నాను గానీ నాకు నవ్వు రావడం లేదు. పొద్దున్నే నేను పనికి బయలుదేరేటప్పుడు ఆయన నా ముఖం చూడరు. చెప్పులు వెతుకుతున్నట్టు వంగుతారు. ఆ వంగడం నేను చూడలేకపోతున్నాను.

మీ పంపు హౌసులో రెండో మనిషి చోటు ఖాళీగా ఉందని మా తమ్ముడే పోయినసారి అన్నాడు. ఆయన్ని పంపిస్తాను. మీ గదిలో ఓ మూల పడుకుంటారు. నేను లాండ్రీ వదిలి రాలేను, వదిలితే ఇద్దరం రోడ్డున పడతాం. ఈ మాట వాడితోనే చెబుదామని ఫోన్ చేశాను. వాడు నాకు సందిస్తేగా! చిన్నప్పుడు వాడి నోట్లోంచి మాట రావాలంటే గిల్లాల్సి వచ్చేది. ఇప్పుడేమో ఫోనెత్తడం ఆలస్యం, వాన గురించి, పంపు గురించి, నా ఆరోగ్యం గురించి గలగలా వాగి, "ఉంటానక్కా" అని పెట్టేస్తాడు. మాటకారి తమ్ముడు దొరికాడని సంతోషించాలో, నా మాట వినేవాడు లేడని ఏడవాలో తెలియలేదు. అందుకే నీకు రాస్తున్నాను. వాడి చెవిన వెయ్యి.

మీ వదిన


పంపు హౌస్ క్వార్టర్,
మొదటి మబ్బు పట్టిన రోజు

వదినగారికి నమస్కారాలు.

అన్నయ్యగారి సంగతి చదివి చాలా బాధపడ్డాను. మీరు అడగ్గానే రమ్మనాల్సినదాన్ని. కానీ మీరు ఒకసారి ఇక్కడి సంగతులు ఆలోచించాలి.

మా గది మీరు చూసిందే. ఇద్దరం పడుకుంటే మూడోవాళ్ళు తలుపు తెరవలేరు. పైగా వానలు వస్తున్నాయి. వానల్లో ఇక్కడ వాసన భరించడం కొత్తవాళ్ళ వల్ల కాదు. ఊళ్ళో పల్లపు వీధుల వాననీళ్ళు, ఇళ్ళలో వాడిన నీళ్ళు, అన్నీ తూముల్లోంచి మా బావిలోకే వస్తాయి. బావి అంటే మీరు తాగే నీళ్ళ బావి అనుకునేరు, మూడంతస్తుల లోతు సిమెంటు గొయ్యి. అందులోంచి రెండు పంపులు నీళ్ళను పైకి తోడి మిట్టమీది పెద్ద కాలువలో పోస్తాయి. పంపులు ఆగితే ఆ మురుగంతా పల్లపు వీధి ఇళ్ళలోకి వెనక్కి తంతుంది.

జనం తూముల్లో వెయ్యని వస్తువు లేదు. ముందున్న ఊచల జల్లెడ తుప్పుపట్టి విరిగింది, గుడ్డలూ సంచులూ లోపలికొచ్చి పంపు మూతికి చుట్టుకుంటాయి. అప్పుడు రెండో మనిషి ఇనుప నిచ్చెన మీద కిందికి దిగి చేత్తో లాగాలి. పైనుంచి చూస్తే ఆవిరీ చీకటీ తప్ప అడుగు కనబడదు. కేకేస్తే గోడలకు తగిలి గోల అవుతుందే గానీ మాట తెలియదు. అందుకని ఇక్కడ పాతకాలం నుంచీ ఒక పద్ధతి. పైన ఉన్న మనిషి పంపు వేసేముందు నిచ్చెన కమ్మీని పానాతో మూడు దెబ్బలు కొట్టాలి. కింద ఎవరైనా ఉంటే వాళ్ళు తిరిగి కొడతారు. ఏ చప్పుడూ రాకపోతే బావి ఖాళీ అని లెక్క. అప్పుడు మీట నొక్కుతారు. కింద ఒక ఎర్ర బల్బు ఉండేదట, ఎప్పుడో మాడిపోయింది. ఎన్నిసార్లు అడిగినా ఆఫీసువాళ్ళు "కొట్టుకునే పద్ధతి ఉందిగా, బల్బెందుకు" అంటారు.

మిల్లులో వెలుతురులో నిలబడి పనిచేసిన మనిషి అన్నయ్యగారు. ఈ బావిలో దిగే పని ఆయనకెందుకు చెప్పండి. వానలు వెళ్ళాక చూద్దాం.

ఇక్కడ అంతా బాగానే ఉంది. నేనూ పగలంతా పంపు గదిలోనే కూర్చుంటున్నాను, కాలక్షేపానికి.

మీ మరదలు


ఆసుపత్రి లాండ్రీ వెనక గది,
చినుకు పడని ఆదివారం

మరదలికి,

నీ ఉత్తరం చదివి మడిచి దిండు కింద పెట్టాను. ఆయన కంటపడకూడదని.

గది చిన్నదన్నావు. నేను వచ్చినప్పుడు ముగ్గురం పడుకున్నాం, తలుపు శుభ్రంగా తెరుచుకుంది. వాసన అన్నావు. ఆసుపత్రి దుప్పట్లు ఉతికేదాని మొగుడికి వాసన గురించి చెబుతున్నావా? మా తొట్లలోకి ఏమేమి వస్తాయో రాస్తే నువ్వు అన్నం మానేస్తావు. చీకటన్నావు, నిచ్చెనన్నావు. మిల్లు పొగగొట్టం లోపల దిగి బోల్టులు బిగించిన మనిషికి నీ నిచ్చెన ఒక లెక్కా?

వద్దనాలనుకుంటే వద్దను. పంపు హౌసు చుట్టూ తిప్పి తీసుకురావడం ఎందుకు? మా అమ్మ పోయాక వాడికి అన్నం కలిపి పెట్టింది నేను. నా మనిషికి నీ ఇంట్లో చోటు లేదంటే వాడికి లేదనే అర్థమా, నీకు లేదనే అర్థమా? వాడికి ఈ సంగతి చెప్పావా అసలు?

ఆయన మళ్ళీ తలుపు ఊడదీశారు. ఈసారి బిగించలేదు. దాని పక్కనే కూర్చున్నారు. వచ్చే వారం బండెక్కిస్తున్నాను.

వదిన


పంపు హౌస్ క్వార్టర్,
ఉత్తరం అందిన రోజే

వదినగారికి,

దయచేసి అన్నయ్యగారిని బండెక్కించకండి. గదీ వాసనా అన్నీ నేను కల్పించిన సాకులే. అసలు సంగతి ఇప్పుడు చెబుతున్నాను. మావారికి తెలియకుండా రాస్తున్నాను.

మీ తమ్ముడికి చెవులు వినబడవు.

కొద్దిపాటి చెవుడు కాదు, దాదాపు ఏమీ వినబడదు. ఆ పంపుల రొదలో ఏళ్ళ తరబడి నిలబడితే ఇంకేమవుతుంది? మొదట పిట్టల అరుపు పోయింది. తర్వాత నా గొంతు పోయింది. నేను మెల్లగా మాట్లాడుతున్నానని కొన్నాళ్ళు నామీద విసుక్కున్నారు. ఒకరోజు గిన్నె జారి ఆయన వెనకే పడింది, ఆయన కదల్లేదు. అప్పుడు ఇద్దరికీ అర్థమైంది. ఇద్దరం దాని గురించి ఒక్క మాట అనుకోలేదు.

ఫోన్ జేబులో అదిరితే తెలుస్తుంది, మీ లాండ్రీ నంబరు చూసి మీరేనని ఎత్తుతారు. ఫోన్లో మీకు సందివ్వకుండా మాట్లాడేది అందుకే. తను మాట్లాడుతున్నంతసేపూ ఎదుటివాళ్ళ మాట వినక్కర్లేదు కదా. మీరు సంతోషించిన ఆ వాగుడంతా ఆయన భయం.

నేను పంపు గదిలో కూర్చునేది కాలక్షేపానికి కాదు. పంపు గొంతు మారితే నేను విని చెబుతాను. మూతికి గుడ్డ చుట్టుకుంటే అది మూలుగుతుంది, గాలి పీలిస్తే గులకరాళ్ళు నమిలినట్టు కరకరమంటుంది. ఎవరైనా ఆయన్ని పిలిస్తే నేను కళ్ళతో అటు చూపిస్తాను, ఆయన అటు తిరుగుతారు. ఇది ఇప్పుడు మాకు ఎంత అలవాటైపోయిందంటే, ఆఫీసువాళ్ళు వచ్చి పక్కన నిలబడి మాట్లాడి వెళ్ళినా ఎవరికీ తెలియదు. తెలిస్తే ఉద్యోగం పోతుంది, ఈ గదీ పోతుంది. చెవులు లేని పంపు డ్రైవర్ని ఎవరు ఉంచుకుంటారు?

నిచ్చెన మీద మూడు దెబ్బలు కొట్టాక ఆయన అరచెయ్యి కమ్మీకి ఆనిస్తారు. కింద నుంచి జవాబు వస్తే చేతికి తెలుస్తుంది. కానీ అది పంపులు రెండూ ఆగి ఉన్నప్పుడే. ఒకటి తిరుగుతుంటే కమ్మీ అంతా అదురుతూనే ఉంటుంది, ఏది జవాబో ఏది పంపో చేతికి తెలియదు. అప్పుడు నేను విని చెప్పాలి. అందుకే పాత రెండో మనిషి మానేశాక కొత్తవాళ్ళు రాకపోతే నేను లోలోపల సంతోషించాను. కింద మనిషే లేకపోతే భయమే లేదు కదా.

అన్నయ్యగారు ఆ బావిలో దిగుతారు, పైన మీట దగ్గర ఈయన ఉంటారు. పంపకండి వదినగారూ. ఈ మాట ఎవరికీ చెప్పకండి.

మీ మరదలు


ఆసుపత్రి లాండ్రీ వెనక గది,
ప్రయాణం రోజు

మరదలికి,

ముందు గది చిన్నదయింది. తర్వాత వాసన వచ్చింది. ఇప్పుడు చెవుడా? ఇంకో ఉత్తరం రాస్తే వాడికి కళ్ళు కూడా తీసేస్తావేమో.

నా మనిషిని రానివ్వకుండా ఉండడానికి కట్టుకున్నవాడి మీద ఇంత మాట రాయడానికి నీకు చెయ్యెలా వచ్చిందమ్మా? వాడి చెవుల సంగతి నాకా చెప్పేది? బడి గంట వీధి చివర మోగితే ఊళ్ళో అందరికంటే ముందు వాడికే వినబడేది. మొన్న నేను వచ్చినప్పుడు "ఒరేయ్ చిన్నోడా" అంటే ఠక్కున తిరిగాడు, నేను చూడలేదా? నువ్వు వాడి ఎదురుగా నిలబడి కళ్ళు తిప్పావంటే నమ్మడానికి నేను అంత వెర్రిదాన్నా?

ఎవరికీ చెప్పొద్దన్నావు. నేను ఆయనకి చెప్పాను, మొగుడికి చెప్పకుండా ఎలా పంపను? ఎన్నాళ్ళకో గట్టిగా నవ్వారు. "బామ్మర్దికి చెవుడైతే ఇంకేం, నోరారా తిట్టొచ్చు" అన్నారు. వెళ్ళగానే పరీక్ష పెడతారట. విషయమేమిటో అప్పుడే తేలుతుంది. వాడికి నిజంగా వినబడకపోతే ఆయనే తిరిగి బండెక్కుతారు. వినబడితే మాత్రం నువ్వు నాకు ముఖం చూపించకు.

ఆయన పెట్టె తనే సర్దుకున్నారు. పానాలన్నీ నూనెగుడ్డతో తుడిచి పెట్టుకున్నారు. ఈ పొద్దున నా ముఖం చూసి వెళ్ళొస్తానన్నారు. నాకు అది చాలు.

వదిన


పంపు హౌస్ క్వార్టర్,
వానలు మొదలయ్యాక

వదినగారికి నమస్కారాలు.

అన్నయ్యగారు క్షేమంగా చేరారు. పరీక్ష కూడా అయింది. మీరే గెలిచారు, అయినా నేను చెప్పింది నిజం. ఎలా జరిగిందో రాస్తాను, నమ్మినా నమ్మకపోయినా.

మర్నాడు పొద్దున ఈయన పంపుకి గ్రీజు పెడుతున్నారు. నేను ఎప్పటిలాగే ఎదురుగా ముక్కాలిపీట మీద కూర్చుని ఉన్నాను. అన్నయ్యగారు పిల్లిలా వచ్చి ఈయన వెనక నిలబడి, "ఒరేయ్ బామ్మర్దీ, నీ మొహానికి ఈ పంపే ఎక్కువరా" అన్నారు. నేను కావాలని చెయ్యలేదు వదినగారూ, ప్రమాణంగా చెబుతున్నాను. ఎవరు మాట్లాడినా అటు చూడడం నా కళ్ళకి ఏళ్ళ అలవాటు. అవి వాటంతటవే అన్నయ్యగారి మీదకి వెళ్ళాయి. ఈయన నా కళ్ళు చూసి ఠక్కున వెనక్కి తిరిగి, ఆయన నవ్వు ముఖం చూసి తనూ నవ్వి, "ఏంటి బావా, పొద్దున్నే మొదలెట్టావా" అన్నారు. ఇంకేం కావాలి? అన్నయ్యగారు నా వైపు తిరిగి చెయ్యి ఊపారు, చూశావా అన్నట్టు.

తర్వాత నేను ఆయన్ని పక్కకి పిలిచి, నా కళ్ళు చూసే తిరిగారని చెప్పాను. ఆయన "అమ్మాయ్, పోనీ నువ్వు చెప్పిందే నిజమనుకుందాం, నువ్వు రోజూ ఇక్కడే కూర్చుంటున్నావుగా, ఇక భయమేమిటి" అన్నారు. నమ్మారో, నమ్మకుండా ఉండాలనుకున్నారో నాకు తెలియలేదు. తిరిగి వెళ్తే మళ్ళీ ఆ ఇంట్లో తలుపు పక్కన కూర్చోవాలి కదా. అంతకంటే ఇక్కడి బావే నయమనుకున్నారేమో.

ఇంకొకటి కూడా రాయాలి. ఆయన వచ్చాక ఈ కొంపకి కళ వచ్చింది. జల్లెడకి రెండు ఊచలు అతికించారు. కిందికి తనే బల్బు పెడతానని తీగ కోసం తిరుగుతున్నారు. ఆఫీసులో తాళం లేని పెట్టెకి తాళం పెట్టారు, తాళం వేసిన దానికి ఊడదీశారు. ముగ్గురం పీటలమీద కూర్చుని టీ తాగుతుంటే ఈయన ఒకటి చెబుతారు, అన్నయ్యగారు దానికి సంబంధం లేనిది ఇంకొకటి చెబుతారు, ఇద్దరూ పగలబడి నవ్వుతారు. బావా బామ్మర్దుల మాటల్లో ఎవరు ఎవరికి జవాబు చెబుతున్నారని ఎవరు చూస్తారు? నాకు ఊరటగా ఉంది. ఉండకూడదని తెలుసు.

ఆయన కిందికి దిగినప్పుడల్లా నేను అక్కడే ఉంటున్నాను. ఉంటాను.

మీ మరదలు


ఆసుపత్రి లాండ్రీ వెనక గది,
రోజంతా ముసురు

మరదలూ,

ఈ ఉత్తరం అందిన క్షణం ఆయన్ని పంపెయ్.

ఈ పొద్దున మా సూపర్‌వైజర్ గదిలోంచి ఫోన్ చేశాను. నువ్వు రాసింది మనసులో తిరుగుతూనే ఉంది, కళ్ళ సంగతి. వాడు ఎత్తి ఎప్పటిలాగే మొదలుపెట్టాడు. వానలు ఎక్కువగా ఉన్నాయి, బావ బాగున్నాడు, నువ్వు మోకాళ్ళు జాగ్రత్త. నేను మధ్యలో "ఒరేయ్, నా ఇల్లు కాలిపోయిందిరా" అన్నాను. వాడు "మంచిదక్కా, మంచిది" అన్నాడు. "నేను చచ్చిపోయాను" అన్నాను. "అలాగే, బావకి చెబుతాను" అన్నాడు. ఫోన్ నీకిమ్మని అరిచాను, బావకిమ్మని అరిచాను. లాండ్రీలో మిషన్లు తిప్పేవాళ్ళంతా బయటికొచ్చి చూశారు. వాడు "ఉంటానక్కా" అని పెట్టేశాడు. మళ్ళీ చేశాను, మళ్ళీ వాడే ఎత్తాడు. పాపం, సరిగ్గా అవే మాటలు మళ్ళీ చెప్పాడు.

ఆ పిచ్చి వెధవ ఎన్నాళ్ళనుంచి ఇలా ఒంటరిగా మాట్లాడుతున్నాడు? నువ్వు చెబితే నేను నిన్ను ఏమన్నాను? అవన్నీ తర్వాత తిట్టుకుందాం. ఆయన ఇంట్లో ఉన్న తలుపులన్నీ ఊడదీసుకోనీ, నన్ను చూడకపోతే మాననీ. నాకు మనిషి కావాలి. కిందికి దిగనివ్వకు. నా మాటగా చెప్పు. సెలవు దొరికితే నేనే వచ్చి తీసుకుపోతాను.

మీ వదిన


పంపు హౌస్ క్వార్టర్,
మీరు వచ్చి వెళ్ళాక

వదినగారికి,

మీ ఆఖరి ఉత్తరం అన్నయ్యగారు పోయిన మర్నాడు అందింది. మీరు ఇక్కడ ఉన్నన్నాళ్ళూ మీకది అందిందని చెప్పలేకపోయాను. ఆ రోజు ఏం జరిగిందో కూడా నోటితో చెప్పలేకపోయాను. మీరు అడగలేదు. గోడవైపు తిరిగి కూర్చున్నారు. ఇప్పుడు రాస్తున్నాను, మీకు తెలియాలి కాబట్టి.

మధ్యాహ్నం వాన విరుచుకుపడింది. ఒక పంపు తిరుగుతోంది, రెండోదానికి గుడ్డలు చుట్టుకున్నాయి. అన్నయ్యగారు దిగారు. పల్లపు వీధిలో మోకాళ్ళ లోతు నీళ్ళు, జనం వచ్చి గేటు ఊపుతున్నారు. ఈయన కిటికీలోంచి చూసి నన్ను వెళ్ళమన్నారు. జనంతో మాట్లాడేది ఎప్పుడూ నేనే కదా, ఆయనెలా మాట్లాడతారు? నేను కిందికి వంగి చూశాను. అప్పుడే అన్నయ్యగారు చేతినిండా గుడ్డలతో పైకి వచ్చారు. ఆయన వచ్చేశారు కదా అని నేను గేటు దగ్గరికి వెళ్ళాను.

తర్వాతి సంగతి ఈయన చెప్పింది. అన్నయ్యగారు గుడ్డలు కింద పడేసి, ఏదో అంటూ పక్కకి తిరిగారట. ఇంకొకటి మిగిలింది, ఆగు, అని ఉంటారు. ఈయన మీట పెట్టెవైపు తిరిగారు, మళ్ళీ చూసేసరికి మనిషి అక్కడ లేరు. చేతులు కడుక్కోవడానికి బయటికెళ్ళారనుకున్నారు. అయినా పద్ధతి తప్పలేదు వదినగారూ. మూడు దెబ్బలు కొట్టారు. అరచెయ్యి కమ్మీమీద పెట్టారు. మొదటి పంపు తిరుగుతోంది, కమ్మీ అంతా అదురుతోంది.

అన్నయ్యగారు జవాబు కొట్టారు. నాకు గేటు దగ్గరికి వినబడింది. ఆ వానలో, అంతమంది అరుపుల్లో, నాకు స్పష్టంగా వినబడింది. నేను పరుగెత్తాను. తలుపు దాటకముందే రెండో పంపు గొంతెత్తింది.

పంపు మూతి దగ్గర నీటి లాగుడు మనిషి ఆపగలిగేది కాదు. అంతకుమించి రాయలేను.

ఆఫీసువాళ్ళు వచ్చారు. కాలుజారి పడ్డాడని అనుకుంటున్నారు. గోడకి కొత్త బోర్డు ఒకటి కొట్టి వెళ్ళారు, దిగేముందు జాగ్రత్త అని. బల్బు పెట్టలేదు. అన్నయ్యగారు తెచ్చిన తీగ చుట్ట అలాగే మేకుకి వేలాడుతోంది. గేటు దగ్గర నిలబడ్డవాళ్ళలో ఎవరో మాత్రం, ఆయనకి వినబడదని నేను అరిచింది విని, పంపు డ్రైవరుకి చెవుడని ఆఫీసులో చెప్పారట. అధికారి ఒకాయన విచారిస్తున్నారు. మిమ్మల్నీ అడుగుతారేమో. మీకేది న్యాయమనిపిస్తే అది చెప్పండి. మా గురించి చూడకండి.

ఈయన ఇప్పుడు మాట్లాడడం మానేశారు. ఒక్క మాట లేదు. చిన్నప్పుడు ఇలాగే ఉండేవారేమో, మీకు తెలుస్తుంది. పనికి మాత్రం వెళ్తారు. వాన వస్తే మూడు దెబ్బలు కొడతారు, అరచెయ్యి కమ్మీమీద పెడతారు, ఇక తియ్యరు. మీట నొక్కరు. కింద ఎవరూ లేరని నేను చెప్పినా, పలకమీద రాసి చూపించినా నమ్మరు. చప్పుడు రాకపోతే ఖాళీ అని లెక్క కదా, ఆ లెక్కమీద ఆయనకి నమ్మకం పోయింది. ఆయన అలా నిలబడి ఉండగా పల్లపు వీధిలోకి నీళ్ళు తన్నుకొచ్చాయి. ఒక ముసలాయన్ని మంచంతో సహా ఎత్తుకుని మిట్టమీదికి తెచ్చారు.

చివరికి నేనే చీర దోపుకుని దిగాను. అడుగు దాకా వెళ్ళి, చేత్తో తడిమి, ఎవరూ లేరని చూసి, ఎక్కివచ్చి ఆయనకి తల ఊపాను. అప్పుడు మీట నొక్కారు. ఇప్పుడు ప్రతి వానకీ ఇదే. ఆయన కొడతారు, నేను దిగుతాను, ఎక్కివస్తాను, నొక్కుతారు. ఇంకో మనిషిని ఇవ్వమంటే ఆ బావి దగ్గరికి ఎవరూ రామంటున్నారట. మిమ్మల్ని క్షమించమని అడగను. అడిగే ముఖం నాకు లేదు.

మీ మరదలు


ఆసుపత్రి లాండ్రీ వెనక గది,
వాన

మరదలికి,

నువ్వు చెప్పిన అధికారి వచ్చాడు. దుప్పట్లు పిండుతున్న చోటికే వచ్చి నిలబడ్డాడు. మర్యాదస్తుడే. మీ తమ్ముడికి చెవులు సరిగ్గా వినబడతాయా అని అడిగాడు.

బడి గంట అందరికంటే ముందు వాడికే వినబడేదని చెప్పాను. అది అబద్ధం కాదు. ఇంకేమైనా చెప్పాలా అన్నాడు. ఏమీ లేదన్నాను. ఆయన తల ఊపి వెళ్ళిపోయాడు. మీ ఉద్యోగం ఎక్కడికీ పోదు, మీ గదీ పోదు.

మీమీద జాలితో చెప్పాననుకోకు. వాణ్ణి అక్కడినుంచి తీసేస్తే ఏదో అరుగుమీద కూర్చుని కొన్నాళ్ళకి మరచిపోతాడు. మరచిపోకూడదు. ఆ కమ్మీ దగ్గరే నిలబడాలి, చెయ్యి పెట్టుకుని. అధికారి వెళ్ళేదాకా నా మనసులో ఉన్నది ఇదొక్కటే. ఆయన వెళ్ళాక, చేతిలో దుప్పటి సగం పిండి ఉండగా, పల్లపు వీధి ముసలాయన గుర్తొచ్చాడు. నువ్వు దిగుతున్నావన్న సంగతి గుర్తొచ్చింది. పరుగెత్తి ఆ అధికారిని పిలవొచ్చు. వీధి మలుపులో ఇంకా కనబడుతూనే ఉన్నాడు. నేను పిలవలేదు. ఇప్పుడు పిలవాలనిపిస్తోంది, ఇప్పుడు ఎవరున్నారు?

నువ్వు నిజం చెప్పినప్పుడు నేను నమ్మలేదు. ఆయన్ని బండెక్కించింది నేనే. నువ్వు గేటు దగ్గరికి వెళ్ళావు, వాడు మీట నొక్కాడు. ముగ్గురం కలిసి చేశాం, ఎవరి వాటా ఎంతో నాకు తేలడం లేదు. నిన్ను క్షమించలేదు. వాణ్ణి అసలే క్షమించలేదు. వాడు నా తమ్ముడు కాకుండా పోతే బాగుండుననిపిస్తుంది, అలా పోవడం లేదు. ఇంటి తలుపు ఇంకా గోడకి ఆనించే ఉంది, బిగించేవాళ్ళు లేరు.

నాకిక ఉత్తరాలు రాయకు. నీ రాత చూస్తే పని చేసుకోలేకపోతున్నాను. ఒక్క సంగతి మాత్రం విను. బావిలోంచి ఎక్కివచ్చాక వాడి వెనక నిలబడకు. ఎదురుగా వెళ్ళి, రెండు భుజాలు పట్టుకుని, నీ ముఖం చూపించు. నీ ముఖం చూడకుండా మీట ముట్టుకోకూడదని పలకమీద రాసి వాడి కళ్ళముందు వేలాడదియ్యి.

ఇక్కడ రాత్రి నుంచి వాన పడుతూనే ఉంది. అక్కడా పడుతోందని పేపర్లో వేశారు. ప్రతి పెద్ద వాన వెలిశాక నా చిరునామా రాసి ఒక ఖాళీ కార్డు పోస్టు చెయ్యి. ఏమీ రాయొద్దు. కార్డు వస్తే నువ్వు పైకి వచ్చావనుకుంటాను. రాకపోతే ఎవరూ లేరని లెక్కవేసుకుని ఊరుకోవడం నాకూ ఇక చేతకాదు.

వదిన